మల్లెపూలు జడలోకే

అమ్మా,

నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు నీకు లేచినట్టే, బాలింత అయిన నా కూతురికీ రొమ్ములో చీముగడ్డ లేచింది. కోత తప్పదనుకుని, పాలు ఇంకిపోవడానికి రొమ్ముకు కట్టాలని మందస పెద్దమ్మ మల్లెపూలతో దిగిపోయింది. ఆనాడు నీకు కోత పెట్టి, నాకు పాలు మాన్పించినప్పుడు కట్టిందీ ఆవిడే. ఆ తర్వాత నువ్వు మల్లెలు తలలో పెట్టుకోనేలేదు.

పలాస డాక్టరమ్మ కత్తి ముట్టలేదమ్మా! స్కానింగులో చూస్తూ సూదితోనే చీమంతా లాగేసింది. మళ్లీ చేరితే మళ్లీ లాగింది. మందులిచ్చి, పాలివ్వడం మాత్రం మానొద్దంది.

"కొయ్యకుండా ఎలగ తగ్గిపోద్దే? నానెక్కడా సూడనేదు," అని పెద్దమ్మ సణుగుతూనే ఉంది.

గడ్డ పోయింది. ఇవాళ నీ మునిమనవరాలు ఆ రొమ్మునే పట్టుకుని గుటకలేస్తోంది. అది చూసి పెద్దమ్మే మల్లెలు దండ కట్టి నా కూతురి జడలో తురిమింది.

ఓ మూర నీకూ ఉంచాను. ఇప్పుడైనా పెట్టుకోవే అమ్మా.