చేనుకు అడ్డం నిలబడిన అవ్వ

శుక్రవారం, అందరూ పడుకున్నాక

వానల్లేక మా శనక్కాయ చేను ఎండిపోయింది. పంట నష్టం సాయం రావాలంటే ఎండిన చేలో రైతు నిలబడి ఫోటో దిగాలట. పట్టా అవ్వ పేరు మీద ఉంది. అందుకే ఆమెను దగ్గరుండి ఫోటో తీయించడానికి ఎర్రమంచి ఫ్యాక్టరీలో డ్యూటీకి సెలవు పెట్టి ఊరికొచ్చాను.

ఫోటో తీసే వ్యవసాయ సహాయకుడు వచ్చేసరికి అవ్వ ధర్మవరం పట్టుచీరలో తయారుగా ఉంది. అతన్ని నేరుగా బోరు పక్కన పచ్చగా మిగిలిన నాలుగు సాళ్ల దగ్గరికి తీసుకుపోయింది.

"ఈడ తీయప్పా, బాగుండాది."

"ఈడ కాదవ్వా, ఎండిన కాడ నిలబడల్ల. అట్లయితేనే దుడ్లొస్తాయి," అన్నాడతను.

గొణుక్కుంటూ నడిచింది. తీరా అతను ఫోన్ ఎత్తగానే, కొంగు రెండు చేతులా పరిచి ఎండిన చెట్లకు అడ్డం పట్టింది. జరగమంటే జరగదు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"ఏందవ్వా ఇది? చేను కనపడల్ల కదా!" అని అరిచాను.

అవ్వ నా మీదే విరుచుకుపడింది. "పోయినేడు చేను ఎంత పచ్చగా ఉన్నింది! అప్పుడు ఒగడన్నా వచ్చినాడా ఫోటో తీసేకి? నువ్వన్నా వచ్చినావా? ఇప్పుడు దీన్నిట్లా చూపియ్యల్లంటే నాకు సిగ్గు గాదా?"

అతను కొంగు అడ్డం ఉండగానే ఫోటో తీసుకుని వెళ్లాడు. ఆ ఫోటోను పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో...

వచ్చే ఏడు వానలు పడి చేను పచ్చబడితే, ఎవరూ అడక్కపోయినా సెలవు పెట్టాలి. అదే పట్టుచీర కట్టించాలి.