షోనా, జోంఖా, మా పెద్దమ్మ

పెద్దమ్మకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

ఉద్యోగం ఖాయమయ్యే దారి ఒకటి దొరికింది. పిల్లల విజ్ఞాన సర్వస్వానికి రెండు భాషలను పోలుస్తూ వ్యాసం రాయమని మా సంపాదకులు అన్నారు. షోనా ఆఫ్రికాలోది, జోంఖా హిమాలయాల్లోది. ఒకదాని ముఖం ఒకటి చూసి ఎరగవు. వాటి మధ్య పిల్లలు మెచ్చే పోలిక పట్టుకుంటే నన్ను ఉంచుతారు. లేకపోతే నెలాఖరుకు నీ ఇంటికి.

ఆ భాషలవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కింది వాటాలో షోనా మాట్లాడే నర్సుగారు, మలుపులో గడియారాలు బాగుచేసే జోంఖా ఆయన. రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చుంటున్నాను. నాలుగో రోజుకు నోరు పెగిలింది.

నీ అమ్మాయి

తా.క. ఆయన చాలా మర్యాదస్థులు. తెలుగులో మాట్లాడినా వాక్యం చివర ‘లా’ అంటారు. వాళ్ళ భాషలో అది మన ‘అండీ’ లాంటిదట. పనిచేయని గడియారంతో కూడా అలాగే మాట్లాడతారు.

⁂

చిరంజీవి ముత్యాలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటావని నీకా పేరు పెట్టాను. ఇప్పుడు ఉత్తరంలోనూ దాపరికమేనా?

ఇన్నేళ్ళుగా పెళ్ళి సంబంధాలు కుదిర్చి బతుకుతున్నదాన్ని. నాకు చెప్పడానికి సిగ్గెందుకే? భాషలు పోలిస్తే జీతమిచ్చే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటాడా? ఇద్దర్ని చూస్తున్నావు, ఎవరో ఒకర్ని తేల్చుకోవాలి. అంతేగా! ఒకర్ని ‘నర్సుగారు’ అన్నావు, ఇంకొకర్ని ‘ఆయన’ అన్నావు. ‘ఆయన’ అన్నాక ఇంకా తేలేదేముంది?

మనిషి ఎత్తెంత? పళ్ళు సొంతవేనా? కోపమొస్తే ఏం విసురుతాడు?

నీ పెద్దమ్మ

తా.క. ఫోటో పంపు. ఎదురుగా తీసింది. పక్కకు తిరిగి తీయించుకునేవాళ్ళు ముక్కు దాస్తారు.

⁂

పెద్దమ్మకు,

నమస్కారాలు. నువ్వు అనుకుంటున్నది కాదు. నర్సుగారు ముగ్గురు పిల్లల తల్లి. ఆయన నాకు గురువు లాంటివారు. ఇది నిజంగా భాషల సంగతే.

షోనాలో పొద్దున్నే ఒకరు ‘నిద్రపట్టిందా?’ అని అడిగితే రెండోవారు ‘మీకు పట్టి ఉంటే నాకూ పట్టినట్టే’ అంటారట. నర్సుగారు చేతులు మెల్లగా తట్టి చూపించారు. నాకు హాస్టల్ గుర్తొచ్చింది. అక్కడ దింపేటప్పుడు నువ్వు కార్డు మీద ఉభయకుశలోపరి అని రాయడం నేర్పావు. ‘నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టేనే’ అన్నావు. పోస్టు చేయమని హాస్టల్ సిస్టర్‌కు కార్డు ఇవ్వకుండా రెండు రోజులు దిండు కింద దాచుకున్నాను.

వ్యాసం మాత్రం కదలడం లేదు. షోనా మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. జోంఖా మాట చివర్ని మింగేస్తుంది. జోంఖాలో క్రియ మనలాగే వాక్యం చివర కూర్చుంటుంది. షోనాలో అది మధ్యలోనే లేచి నిలబడుతుంది. రెండూ మనకు చుట్టాల్లా ఉన్నాయి, వాటిలో వాటికే పడదు. రెండింటిలోనూ గొంతు హెచ్చుతగ్గులతో అర్థం మారుతుందని చెబితే, సంపాదకులు ‘గొంతును ఎలా అచ్చువేస్తాం?’ అన్నారు.

నీ అమ్మాయి

తా.క. పళ్ళ సంగతి నేను అడగలేను.

⁂

చిరంజీవి ముత్యాలుకు,

నువ్వు అడగలేనన్నావని నేనే మీ వీధి మలుపు గడియారాల దుకాణానికి, ఆయనకు ఉత్తరం రాశాను. జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదివి ఏడు.

‘అమ్మగారికి నమస్కారం లా. మీ అమ్మాయి నా మనవరాలి ఈడుది లా. నా భార్య పోయి చాలా ఏళ్ళయింది లా. మీరడిగిన పళ్ళు సొంతవే, రెండు తప్ప లా. కోపమొస్తే ఏదీ విసరను, దుకాణంలో అన్నీ అద్దాలే లా.’

వయసు ముందే చెప్పొద్దటే? తల ఎక్కడ పెట్టుకోను? క్షమించమని రాశాను. ఫర్వాలేదని ఆయన మళ్ళీ రాశారు. రాసినవాళ్ళకు రాయకపోతే మర్యాద కాదని నేనూ రాశాను. అలా నడుస్తోంది.

నీ పెద్దమ్మ

తా.క. నా గోడగడియారం ఆగిపోయింది. ఆగలేదనుకో, ఆగేలా ఉంది.

⁂

పెద్దమ్మకు,

నమస్కారాలు. వ్యాసం తిరిగొచ్చింది. మొన్న దుకాణంలో నర్సుగారూ ఆయనా ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు, తెలుగులోనే. ఇద్దరికీ తెలిసిన భాష అదొక్కటే. దాన్నే చివరి పేరాగా రాశాను. ‘ఇది పోలిక కాదు, ఇరుగుపొరుగు’ అని సంపాదకులు కొట్టేశారు.

నెలాఖరుకు బయల్దేరి వస్తాను. నీ ముందుగదిలో పెళ్ళికొడుకుల ఫోటోలు పరిచే చాప పక్కన నా పుస్తకాలకు చోటు ఉంచు. నిజం చెప్పాలంటే నాకు రావాలని లేదు. ఈ వీధిలో ఇప్పుడిప్పుడే మాట్లాడటం వస్తోంది.

నీ అమ్మాయి

తా.క. ‘మీ పెద్దమ్మగారి అక్షరాలు గుండ్రంగా ఉంటాయి లా’ అన్నారు ఆయన. రెండుసార్లు అన్నారు.

⁂

చిరంజీవి ముత్యాలుకు,

పెట్టె సర్దకు. సర్దితే విప్పేయ్.

ఆ భాషలు మనకు చుట్టాల్లా ఉన్నాయని రాశావు చూడు, ఆ ఉత్తరాన్ని మీ సంపాదకులకు పంపాను. ‘పిల్ల మీకు రాసింది మీరు చూశారు, ఇది పెద్దమ్మనైన నాకు రాసింది, తేడా చూడండి’ అన్నాను. ‘ఇదే కావాలి, ఇదే అచ్చువేస్తాం, అమ్మాయిని ఉండమనండి’ అని ఆ సంపాదకుల జవాబు. నా దగ్గర వాగినట్టు లోకం ముందు వాగితే నీకేం పోయిందే?

కోప్పడకు. ఇంకో మాట చెప్పాలి. నీకు ఆరేళ్ళప్పుడు ఆ చాప మీద ఫోటోలు వేరుచేస్తూ ‘పెద్దమ్మా, నీ ఫోటో ఏ కట్టలో ఉంది?’ అని అడిగావు. ఆ రాత్రి కట్టలన్నీ విప్పి చూసుకున్నాను, పిచ్చిదాన్ని, ఉంటుందన్నట్టు.

పోయిన వారం ఒక ఫోటో తీయించుకున్నాను, ఎదురుగానే. మీ వీధి మలుపుకు పంపాను. జవాబుగా ఆయనే వచ్చారు. ముందుగదిలో కూర్చుని ఏదో అన్నారు, చివర ‘లా’ అన్నారు. సంబంధాలు కుదిర్చేదాన్ని, ఎత్తెంతో అడగడం కూడా మరిచి పెళ్ళికొడుకుల ఫోటోల చాప చుట్టేశాను.

ఇల్లు ఖాళీ చేస్తున్నాను. నువ్వు రావడం కాదు, నేనే వస్తున్నాను.

నీ పెద్దమ్మ

తా.క. ఆయన ఆదివారం నీ గదికి వచ్చి, పద్ధతిగా నన్నిమ్మని అడుగుతారు. పెళ్ళికూతురి తరఫు పెద్దవి నువ్వే. కొంచెం బెట్టు చెయ్. మరీ ఎక్కువ చెయ్యకు.