ఇంటి ముందటికి టీవీ వాళ్లు వస్తే

యాదమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అల్వాల్ నుంచి మన మనవరాలు శ్రావణి వచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఉందట. ఆ ప్రశ్నలే నన్ను తెలుగులో అడిగింది.

“తాతా, నువ్వు ఫేమస్ అయినవ్. టీవీ వాళ్లు ఇంటి ముందటికొచ్చిన్రు. ఏం జేస్తవ్?”

“కూసోబెట్టి చాయ్ పోస్త.”

“అట్లంటే మార్కులు పడయ్! ప్రైవసీ పోతదని చెప్పాలె.”

“అదేందే?”

“ఎవ్వలు సతాయించకుండ మనకు మనం ఉండుడు.”

“అదైతే నా దగ్గర మస్తున్నది. నీకు గావాల్నా?”

పిల్ల నవ్వింది. ఆ జవాబే ఇంగ్లీషులో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. సాయంత్రం బస్సెక్కింది.

దీపాలవేళ తలుపు మూయొద్దనేదానివి. తీసే ఉంచాను. దీపం పెట్టి చాలాసేపైంది, ఇంకా మూయలేదు.