చక్రం వెనక గాడి

గురజాల,
సోమవారం.

అమ్మా షబ్నం,

నరసరావుపేటలో నీ షెడ్డు తెరిచిన రోజు నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి సేమియా తినిపించావు. కొత్త మిషను స్విచ్ మాత్రం కంపెనీ మనిషి చేత వేయించావు. ఎవరి షాపులో మిషను దించినా మొదటి స్విచ్ ఇంటి పెద్దమిస్త్రీ వేయడం మన వాడుక. నాలుగేళ్లుగా ఆ సేమియా నా గొంతులోనే ఉంది. అందుకే మళ్లీ నీ గడప తొక్కలేదు. మీ అమ్మకి మాత్రం మోకాళ్ల నొప్పులని చెప్పాను.

మొన్న మాచవరం నరసింహారావు వచ్చాడు. వాన పడి చేను మంచి పదును మీదుంది. గింజలు వేసే గొర్రులో ప్లాస్టిక్ చక్రం పగిలింది. చేసిన కంపెనీ మూతపడింది. ఇంకోచోట నుంచి రావాలంటే పదిహేను రోజులట. అప్పటికి పదును ఆరిపోతుంది. నా చెయ్యి వణుకుతున్నదని చెప్పలేక లేత్ బాగాలేదన్నాను. చెయ్యి సంగతి మీ అమ్మకీ తెలియదు.

"బాగాలేనిది లేత్ కాదులే బాబాయ్, నువ్వే. మీ అమ్మాయి దగ్గరికి పోతా," అన్నాడు.

మరునాడు కొత్త చక్రం తెచ్చి చూపించాడు. పగిలినదాని కొలతలు కంప్యూటర్లోకి ఎక్కించి, ప్లాస్టిక్ తీగ కరిగించి పొర మీద పొర పోశావట. అదే బొమ్మ ఫోన్లో పంపితే మాచర్లలో నీలాంటి మిషనే పెట్టుకున్న జావీద్ షెడ్డులోనూ దిగిందట, నరసింహారావు బామ్మర్ది గొర్రు కోసం. లారీ లేదు, పార్సిలు లేదు. ఏదన్నా వంక దొరుకుతుందేమోనని తిప్పి చూశాను. వెనకవైపు చిన్న గాడి ఉంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి ఊడదీసుకోను వీలుగా నేను ప్రతి సామానుకీ కొట్టే గాడి. కంపెనీ చక్రానికి అది లేదు.

"ఇదేందని మీ అమ్మాయిని అడిగా బాబాయ్. మా నాయన గాడి, అది లేకుండా మా షెడ్డులోంచి ఏదీ బయటికి పోదంది," అన్నాడు నరసింహారావు.

ఏమే, ఆ ముక్క నాతో చెప్పను నోరు రాలేదా? నేను చూడని మాచర్ల షెడ్డులో కూడా నా గాడి పడుతున్నదని ఊరోడు చెబితే నేను వినాలా?

నా గోడ మీద తీగకి గుచ్చిన పాత విడిభాగాల నమూనాలు నీకు తెలుసు. అవి చేసిన కంపెనీలు ఎప్పుడో పోయాయి, మిషన్లు మాత్రం ఇంకా పొలాల్లో తిరుగుతున్నాయి. వాటిని అమ్మేద్దామని ఈ శనివారం పాతఇనుము వాణ్ణి రమ్మన్నాను. కానీ నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఎవరికి ఏది విరిగినా వాళ్ల ఊళ్లోనే దించుకుంటారు. అరిగినవి అరిగినట్టే ఎక్కించకు, ఎక్కడెంత పోయిందో పక్కన కూర్చుని చెబుతాను.

ఇదంతా ఫోన్లో చెప్పడం నావల్ల కాదు, అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోయాయి, కూడబలుక్కుని చదువుకో. శుక్రవారం నమాజు అయ్యేలోగా ట్రాలీ ఆటో కట్టించుకుని నువ్వే రావాలి. మొదటి నమూనాకి స్విచ్ ఎవరు వేస్తారో గుమ్మంలోనే చెప్పు. చెప్పాకే సామాను ఆటో ఎక్కుతుంది.

నీ నాయన,
నూర్ మొహమ్మద్, లేత్ మిస్త్రీ.