కంప్యూటర్ మీద చీటీ

తెలుక్ ఇంటాన్,
16 ఏప్రిల్ 2024, మంగళవారం.

చిరంజీవి రాగిణికి మామ్మ ఆశీస్సులు.

ఆదివారం తెలుగు సంఘం సమావేశం. ఆలోపే ఇది నీ చేతికి అందాలని ఈరోజే రాస్తున్నాను. ఫోనులో చెబితే "పర్లేదులే మామ్మా" అని మధ్యలోనే ఆపేస్తావు.

ఇంట్లో అందరం వేళకు తిని తిరుగుతున్నాం. మీ నాన్న దగ్గు తగ్గింది. నా మోకాలి సంగతి అడిగావు. ఎక్కువసేపు నిలబడలేను, తక్కినదంతా బాగానే ఉంది. పినాంగ్‌లో నీ తిండి సంగతి రాయనే లేదు. రాయి.

నీ రెండో ప్రశ్న, తెర మీద కెర్నల్, అదే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాము, సంఖ్య ఎంత అని. 5.15, అంటే ఐదులో పదిహేనోది. నువ్వు పెట్టి వెళ్లినది 5.4. సంఘం కంప్యూటర్ ఒక్కటే అయినా లోపల మూడు కంప్యూటర్లు ఉన్నట్టు అమర్చానని, వాటిని కలిపే స్విచ్ చేతికి దొరికే వస్తువు కాదు, అదీ ఒక ప్రోగ్రామేనని బొమ్మ గీసి చెప్పావు. స్విచ్ పాతది, కెర్నల్ 5.8 దాటితే దానితో కలవదన్నావు. కలవలేదు. సుంగై సిపుట్, హుటాన్ మెలింటాంగ్ ఊళ్ల నుంచి దాని ద్వారా వినే పిల్లలు ముప్పై ఒక్కమందికి తెలుగు పాఠాలు ఆగి పదిహేడు రోజులు. గుణింతాలు సగంలో ఉన్నాయి.

పాఠాలు ఆగిన సాయంత్రమే సంఘం కార్యదర్శి రామదాసు అందరి ముందూ, "ఏటి టీచరమ్మా, మీ మనవరాలు పెట్టిన మిషను ఇలగ మొండికేసినాది? పినాంగ్ సదువు ఇంతేనా లా!" అని, చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి మరీ అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆదివారం కంప్యూటర్ బాధ్యత నీ నుంచి తీసేసి బయటివాళ్లకు ఇస్తారట.

మూడో ప్రశ్న, అప్‌డేట్ ఎవరు నొక్కారని. ఇందాకటి నుంచీ దీని చుట్టూనే తిరుగుతున్నాను.

నేనే, రాగిణీ. ఉగాదికని సంఘం గది దులుపుతున్నాం. 'కెర్నల్ మార్చవద్దు' అని నువ్వు అంటించిన చీటీ అంచులు నల్లబడ్డాయి. నీ చెల్లెలు సుమిత, "పీకకు మామ్మా, అక్క తిడతాది" అంది. "పండగ పూట మురికి కాగితమా?" అని పీకి పారేశాను. తెర మీద అప్‌డేట్ మిగిలి ఉందనే ఎర్ర గుర్తు నెల్లాళ్లుగా నన్ను చూస్తోంది. నా బడిలో ఏ పనీ మిగలనిచ్చినదాన్ని కాదు. అత్యవసరానికని నువ్వు నమ్మి ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టి, నొక్కాను.

ఆ గదిలో ఎవరు ఎప్పుడు ఏం ముట్టుకున్నారో రాసే పుస్తకం పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంది. మార్చి 30, సాయంత్రం 4.20 ఎదురుగా "గది శుభ్రం" అని మాత్రం రాశాను. ఎనిమిదేళ్ల వయసులో నువ్వు బడిలో ఇచ్చిన ఇంటిపని చేయలేదని దాచితే, గంటసేపు గోడ దగ్గర నిలబెట్టాను. అందరూ నిన్ను ఎగతాళి చేసి నవ్వుతుంటే నేను కుర్చీలో కూర్చున్నాను.

ఇక జరగవలసినవి:

1. పాత కెర్నల్ లోపల ఇంకా ఉంటే, దాన్ని ఎలా ఎంచుకోవాలో సుమితకు ఫోనులో చెప్పు. నేను ముట్టుకోను.
2. అదే చీటీ మళ్లీ రాసి పంపు. ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటిస్తాను.
3. పాస్‌వర్డ్ మార్చు. కొత్తది నాకు చెప్పకు.
4. మార్చి 30 పంక్తి కింద జరిగినది ఎర్ర సిరాతో రాశాను. ఆదివారం దాన్ని రామదాసు ముందు నేనే చదువుతాను.
5. నువ్వు వస్తే ముందు వరుసలో కూర్చో. నేను నిలబడే చదువుతాను. మోకాలని జాలిపడి కుర్చీ తేవద్దు.

ఇట్లు,
నీ మామ్మ
శాంతాదేవి