తాత అని పిలిచాను

మంగళవారం

పొదిలి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం మధ్యాహ్నానికి పూర్తయింది. అమెరికాలో తెల్లవాళ్ల పిల్లలు నల్లజాతి ముసలివాళ్లను కూడా "ఏయ్, అబ్బాయ్" అని పిలిచేవారట. చదివి ఏడ్చాను. అంత దూరపు వాళ్ల కోసం ఏడవడం ఎంత తేలిక!

సాయంత్రం మా పాలేరు యోహాను ట్రాక్టర్ నుంచి కందికట్టె దించుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లింది ఆయనే. ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లను కూడా మామా, పెదనాయనా అని వరస పెట్టి పిలుస్తాను. ఆయన్ను మాత్రం మాటలు వచ్చినప్పటి నుంచీ "ఒరే యోహానూ" అనే.

ఈరోజు నీళ్లచెంబు చేతికిస్తూ, "తాతా, తాగు" అన్నాను.

ఆయన చెంబు ముట్టుకోలేదు. భయంగా వాకిలి వైపు చూశాడు.

"అట్ల పిలవొద్దమ్మా. అయ్య వింటే నన్ను పనిలోకి రావొద్దంటాడు."

లోపలి నుంచి నాయన కేక వేశాడు. "ఏ తాత వచ్చినాడే?"

ఏం చెప్పాలో నాకు తెలుసు. నోరు మాత్రం వేరేలా కదిలింది.

"ఎవరూ రాలేదు నాయనా."

అప్పుడు యోహాను నెమ్మదిగా వంగి దోసిలి పట్టాడు. నేను పైనుంచి నీళ్లు పోశాను.