రెండు సీట్ల పడవ

మార్చి 4

డాక్టర్ తేల్చి చెప్పేశాడు. తమ్ముడి లోపలి చెవి దెబ్బతిందట. నేల మీద నడవచ్చు, పని చేసుకోవచ్చు. కదిలే దేనిమీద ఎక్కినా లోకం గిర్రున తిరుగుతుంది. సైకిల్ వద్దు, పడవ అసలే వద్దు. నీళ్లలో కదలకుండా ఉండే పడవ మా అక్క గీస్తుందిలెండి డాక్టర్‌గారూ, అన్నాడు వాడు. నవ్వింది వాడొక్కడే.

మార్చి 5

ఆఫీసు కాగానే చెరువు గట్టున మా షెడ్‌కి వచ్చి కూర్చున్నాను. పడవ దాదాపు పూర్తయింది. రెండు సీట్లు, రెండు జతల పెడల్స్. నీళ్లలో తొక్కితే వెనక ప్రొపెల్లర్ తిరుగుతుంది. నేల వస్తే మీట లాగడమే, పక్కల నుంచి చక్రాలు దిగుతాయి. అవే పెడల్స్‌తో బండిలా రోడ్డెక్కుతుంది. చెరువు నుంచి గుట్ట దాటి నదికి, నది వెంట సముద్రం దాకా. ఇంజన్ లేకుండా, మా కాళ్లతోనే.

ఆఫీసులో పొద్దస్తమానం లిఫ్టులు గీస్తాను. పైకీ కిందికీ తప్ప ఎటూ పోవు. ఇదొక్కటే ముందుకు పోయే డిజైన్. గీసింది నేను, చేసింది వాడు.

మార్చి 9

ఒక్కదాన్నే తొక్కి చూశాను. వెనక నేను, ముందు ఖాళీ. ముక్కు పైకి లేచింది. గాలి ఎటు తోస్తే అటు తిరిగింది.

మార్చి 16

వాడి సీట్లో వాడి బరువుకి సరిపడా ఇసుక బస్తా పెట్టాను. మరదలు ఒడ్డున నిలబడి, బస్తాయే నయం వదినా, ఆకలని సణగదు, అంది. తమ్ముడు కూడా నవ్వాడు.

చెరువు మధ్యలో గాలికి పడవ ఒరిగింది. మనిషైతే ఎదురు వైపుకి వంగేవాడు. బస్తా ఒరిగిన వైపుకే జారింది. పడవ బోర్లా పడింది. నా కాలు పెడల్ పట్టీలో ఇరుక్కుంది. నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా పచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. భయం తర్వాత వేసింది. ముందు మాత్రం, ఇక్కడ కూడా ఎవరూ లేరు, అనిపించింది.

కాలు విడిపించుకుని పైకి తేలేసరికి తమ్ముడు నీళ్లలో ఉన్నాడు. నడుం లోతులోనే పడుతున్నాడు, లేస్తున్నాడు, మళ్లీ పడుతున్నాడు. మరదలు చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది. నేనే ఈదుకుంటూ వచ్చి వాణ్ణి ఒడ్డుకి చేర్చాను. వాంతి చేసుకుని, మూతి తుడుచుకోకుండానే అరిచాడు. నువ్వు మునిగిపోతుంటే నేను నిలబడనైనా లేకపోయాను, తెలుసా అక్కా? ఇంకోసారి ఆ పడవ పేరెత్తితే నా గుమ్మం తొక్కకు, అన్నాడు.

మార్చి 17

షెడ్‌లో వాడి పనిముట్లు లేవు.

ఏప్రిల్ 6

వాడు ఫోన్ ఎత్తడు. మరదలు ఎత్తింది. కొన్నాళ్లు ఆగు వదినా, కోపం నీ మీద కాదు, ఆయన మీద ఆయనకే, అంది.

ఆదివారం. సాయంత్రం కొట్లో పాల ప్యాకెట్ అడగబోతే గొంతు పెగల్లేదు. పొద్దున్నుంచి నోరు విప్పలేదని అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 13

ముందు సీటు కోసేశాను. రంపం పట్టుకుని సగం పూట ఊరికే నిలబడ్డాను. కోత మాత్రం కాసేపట్లో అయిపోయింది.

లెక్క తేలికే. ఇద్దరైతే చెరో చివర కూర్చోవచ్చు. ఒక్కరైతే మధ్యలోనే కూర్చోవాలి, లేకపోతే పడవ ఒప్పుకోదు. నా సీటు మధ్యకి జరిపాను. పెడల్ పట్టీలు పీకేశాను. అడుగున సీసం దిమ్మ బిగించాను, ఒరిగినా తనంతట తనే లేస్తుంది. నేల మీద మాత్రం బరువు. గుట్ట ఎక్కగలనో లేదో.

మే ఒకటిన బయల్దేరుతున్నానని మరదలికి చెప్పాను. ఊఁ అంది, అంతే.

మే 1

చెరువు దాటాను. ఒకసారి ఒరిగింది. లేచింది.

మే 1, సాయంత్రం

గుట్ట సగం కూడా ఎక్కలేదు, కాళ్లు చచ్చుబడ్డాయి. దిగి తోశాను. లాభం లేదు. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని ఏడ్చాను.

పైనుంచి ఎవరో దిగి వస్తున్నారు. తమ్ముడు. భుజాన తాడు.

చక్రం కదిపి చూసి, దీన్ని బిగించిందెవరు, ఇంత దరిద్రంగా ఉంది, అన్నాడు. నేనే, అన్నాను. తెలుస్తూనే ఉంది, అన్నాడు. పడవ ముక్కుకి తాడు కట్టి వాడు ముందు లాగుతుంటే నేను వెనక తోశాను. ఎక్కినంతసేపూ ఇద్దరికీ మాట్లాడే ఊపిరి లేదు. గుట్టంతా ఎక్కాక, నేల మీద నేనొస్తానక్కా, నీళ్లలో నా వల్ల కాదు, అన్నాడు.

మే 2

నది. వాడు పడవని నీళ్లలోకి తోసి వెంటనే అటు తిరిగిపోయాడు. పారే నీళ్లని చూసినా తల తిరుగుతుందట. వంపు దాటాక కేకెయ్యి, అప్పుడు ఇంటికెళ్తాను, అన్నాడు.

తొక్కాను. ఎన్నిసార్లు తిరిగి చూసినా వాడి వీపే. చేతులు కట్టుకుని, నదికి పెడమొహంగా, పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

దాటానురా, అని గొంతు చించుకుని అరిచాను. జవాబొచ్చిందో, అది నీళ్ల చప్పుడో.

మే 3

ఇంకో వంపు. మళ్లీ కేకేశాను. ఒడ్డున కొంగలు లేచిపోయాయి.